ఇరవై నిమిషాల ఆదివారం

ఆదివారం విశ్రాంతి గురించి భర్త ఆర్లిన్ మాట్లాడుతున్నంతసేపూ లావోన్ బంగాళాదుంపల చెక్కు తీస్తూనే ఉంది. శనివారం సాయంత్రం. బయట మంచు మోకాలి లోతున పడి ఉంది. రేపు మధ్యాహ్నం కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలూ భోజనానికి వస్తారు కాబట్టి దుంపలు ఈ పూటే ఒలిచి నీళ్లలో వేసుకోవాలి, క్యారెట్లు తరిగి పెట్టుకోవాలి, మాంసానికి ఉప్పూ మిరియాలూ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతున్న ఆర్లిన్, "ఆదివారం పొద్దున కూడా కొట్లు తెరుస్తారట. ఇక సంసారాలు ఏమైపోవాలి? మనిషన్నవాడికి వారానికి ఒక్క పూటైనా విశ్రాంతి ఉండొద్దూ?" అన్నాడు. ఆ మనిషన్నవాడు ఎవరో లావోన్ అడగలేదు. తొక్కలు పేపరు మీద పడకుండా తన వైపుకి లాక్కుంది.

అమెరికాలో వాళ్లుండే నార్త్ డకోటా రాష్ట్రంలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా కొట్లు తెరవకూడదని చట్టం. ఆర్లిన్ చిన్నప్పుడు రోజంతా తెరవకూడదు. తర్వాత మధ్యాహ్నాన్ని వ్యాపారానికి వదిలేసి, పొద్దుటి సగం దేవుడికి ఉంచారు. హోటళ్లూ పెట్రోలు బంకులూ మందుల షాపులూ ఎప్పుడైనా తెరవొచ్చు. బూట్లు, చీపుళ్లు, సుత్తులు అమ్మాలంటే మాత్రం పన్నెండు కొట్టాలి. ఆ చట్టాన్ని ఎత్తేయాలని ఆ శీతాకాలం రాజధాని బిస్మార్క్‌లో చట్టసభ ముందుకు బిల్లు వచ్చింది. ఓటింగుకి ముందు సభ్యుల కమిటీ జనం మాట వింటుంది. ఎవరైనా వెళ్లి మాట్లాడవచ్చు.

"నువ్వెళ్లి చెప్పు, లావోన్. కొట్లో పనిచేసే ఆడమనిషి చెప్తే ఆ బరువే వేరు. పాస్టరుగారు కూడా నీ పేరే అన్నారు," అన్నాడు ఆర్లిన్. చెప్పాల్సిన మాటలు పాస్టరుగారూ తనూ కలిసి ఒక కాగితం మీద రాసేస్తారట. ఆమె చదివితే చాలట.

"సరే, చదువుతాను," అంది లావోన్.

ఆర్లిన్ పేపరు దించి ఆమె వంక చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె నలుగురి ముందు నోరు విప్పడం అతనెరగడు. ఇది భక్తి అనుకుని సంతోషించాడు, లేచి వెళుతూ ఆమె భుజం తట్టాడు కూడా. భక్తీ కాదు, భర్త మాట మీద గౌరవమూ కాదు. ఆ చట్టం పోకూడదని లావోన్‌కి నిజంగానే ఉంది. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

ఆదివారం లావోన్ అయిదింటికి లేస్తుంది. ఓవెన్ వేడి చేసి మాంసం లోపలికి తోస్తుంది, అది నెమ్మదిగా ఆరు గంటలు మగ్గాలి. ఆర్లిన్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంది. ఏడింటికి అతనికి కాఫీ, రెండు గుడ్లు, కాల్చిన బ్రెడ్డు. మంచు తోసే బండి నడిపి కౌంటీ రోడ్ల శాఖలో రిటైరై రెండేళ్లయింది అతనికి. అప్పటి నుంచీ వారానికి ఏడు ఆదివారాలే, అయినా అసలు ఆదివారం వచ్చేసరికి కాస్త ఎక్కువ అలసిపోయి లేస్తాడు. ఎనిమిదింటికి చర్చి. పై అంతస్తులో ఆరాధన, కింద నేలమాళిగలో వంటగది. ఆరాధన అయ్యాక ఊరంతా కిందికి దిగి కాఫీ తాగుతుంది, తీపి ముక్కలు తింటుంది. ఆ కాఫీ కాచడానికి ఆడవాళ్లు నాలుగు జట్లు, వరస తప్పకుండా ఒక్కో ఆదివారం ఒక్కో జట్టు వంతు. తన జట్టు వంతు కాని ఆదివారాల్లో కూడా లావోన్ కిందే ఉంటుంది, ఎందుకంటే ఎవరో ఒకరికి జలుబు, ఇంకొకరి మనవరాలికి పుట్టినరోజు. మెట్ల పక్కన గోడకి చిన్న స్పీకరు పెట్టె ఉంది, వంటగదిలో వాళ్లకి కూడా దేవుడి మాట చెవిన పడాలని. దేవుడు ఏడో రోజున విశ్రమించాడని, మనుషులనీ విశ్రమించమన్నాడని పాస్టరుగారు ఎంత చక్కగా చెప్పారో లావోన్ ఆ పెట్టెలోంచే వింది, తీపి ముక్కలు కోస్తూ, కప్పులు వరసగా పేరుస్తూ, పొంగబోయే పాత్ర కింద మంట తగ్గిస్తూ.

ఆ వంటగదిలో అలమర తలుపు లోపలివైపున వంతుల కార్డు ఒకటి అతికించి ఉంటుంది. లావోన్ అత్తగారు బోర్గిల్డ్ టైపు చేసిన కార్డు అది. అందులో ఆడవాళ్ల పేరు ఒక్కటీ ఉండదు, అన్నీ మొగుళ్ల పేర్లే. మిసెస్ ఓలే ఫలానా, మిసెస్ కార్ల్ ఫలానా. మూడో జట్టులో రెండో వరసలో మిసెస్ ఆర్లిన్ నెస్‌హైమ్. ఆ వరస మొదట్లో మామగారి పేరుతో ఉండేది, ఆయన పోయాక బోర్గిల్డ్ దాని మీద చిన్న కాగితం ముక్క అతికించి కొడుకు పేరు కొట్టింది. కోడలి చేతికి వంతు అలా వచ్చింది. వంతు మారింది గానీ అత్తా కోడళ్ల పేర్లు రెండూ ఆ తలుపు మీదికి ఎన్నడూ ఎక్కలేదు.

బోర్గిల్డ్ ఆదివారాన్ని చాలా నిష్ఠగా పాటించేది. శనివారం సాయంత్రం కాగానే కోడలి కత్తెర, సూదులు, గుడ్డముక్కల సంచి తీసి సొరుగులో పెట్టి తాళం వేసేది. లావోన్‌కి గుడ్డముక్కలతో బొంతలు కుట్టడమంటే ప్రాణం. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుని, కిటికీ దగ్గర కూర్చుని నాలుగు కుట్లు వేసింది. "ఆదివారం పని చెయ్యకూడదమ్మా," అంది అత్తగారు, కసురుకోకుండానే, ప్రేమగానే. ఆ రోజు పదకొండు మందికి వండి, వడ్డించి, ఎత్తి, కడిగిన కోడలితో. కత్తెర పట్టుకుంటే పని, గరిటె పట్టుకుంటే పని కాదు. తనకి ఇష్టమైందల్లా పని కిందికి ఎందుకొస్తుందో, ఒళ్లు హూనమయ్యేదల్లా ఇల్లు కిందికి ఎందుకొస్తుందో లావోన్ అప్పుడు అడగలేదు. ఆ ఆదివారం నుంచి కిటికీ దగ్గర కూర్చోవడం మానేసింది. బోర్గిల్డ్ పోయే ముందు మూడేళ్లు పక్షవాతంతో మంచాన పడింది. ఆ మూడేళ్లూ ఆదివారాలు కూడా ఆమెని తిప్పి పడుకోబెట్టింది, తుడిచింది, తినిపించింది లావోనే. అది కూడా పని కిందికి రాలేదు.

ఆ మూడేళ్లలోనే ఆమెకి ఇరవై నిమిషాలు దొరికాయి.

లావోన్ పనిచేసేది ట్వేట్ కొట్లో. రైతులకి కావాల్సినవన్నీ దొరుకుతాయి అక్కడ, చేతి తొడుగుల దగ్గర్నుంచి కంచె తీగల దాకా. ఆదివారం ఆమె షిఫ్టు పన్నెండింటికి మొదలు. తాళం ఆమె దగ్గరే ఉంటుంది, ఎందుకంటే మేనేజరు డ్వేన్ ఆదివారం చెరువు మీద, చలికి గడ్డకట్టినా సరే, చేపలు పట్టుకుంటూ ఉంటాడు. ఇంట్లో బల్ల మీద కంచాలు సర్ది, మాంసం బయటికి తీసి మూతపెట్టి, "అన్నీ పొయ్యి మీదున్నాయి, వడ్డించుకోండి" అని చెప్పి పదకొండున్నరకల్లా కొట్టుకి చేరుతుంది. పది నిమిషాల్లో లోపలి పని అవుతుంది. లైట్లు వెయ్యదు. వేస్తే జనం వచ్చి తలుపు తడతారు. వెనక గోడ దగ్గర పక్షులకి వేసే పొద్దుతిరుగుడు గింజల బస్తాలు నడుము ఎత్తున పేర్చి ఉంటాయి. ఆ బస్తాల మీద కూర్చుని వీపు గోడకి వాలుస్తుంది. గింజలు కాసేపు గరగరమని కదిలి, ఆమె ఒంటికి తగ్గట్టు సర్దుకుంటాయి.

అంతే. నిద్రపోదు, ప్రార్థన చెయ్యదు, ఏమీ ఆలోచించదు. బయట ఎవరో ఒకరు వచ్చి తలుపు పట్టుకుని ఊపుతారు, అద్దం మీది బోర్డు చూసి, చట్టం గుర్తొచ్చి, పోయి బండిలో కూర్చుంటారు. ఇంట్లోవాళ్లు ఆమె కొట్లో ఉందనుకుంటారు. కొట్టుకి వచ్చేవాళ్లకి ఆమె ఇంకా లేదు. ఇంటికీ కొట్టుకీ మధ్య ఆ ఇరవై నిమిషాలు ఎవరికీ చెందవు. అత్తగారు పక్కలోంచి పిలుస్తుందేమోనన్న బెదురు ఆ చీకట్లోకి రాలేదు. మొదటి ఆదివారం లావోన్ అక్కడ కూర్చుని ఏడ్చింది. తర్వాత ఏడుపు కూడా రాలేదు. హాయిగా ఉండేది. పదమూడేళ్లుగా వారమంతా ఆమె ఆ బస్తాల వైపుకే నడుస్తోంది.

బిల్లు నెగ్గితే పొద్దున ఎనిమిదింటికే ఆ తలుపు తెరుస్తారు.

బిస్మార్క్‌కి రెండు గంటల దారి. ఆర్లిన్ నడిపాడు, పక్కన పాస్టరుగారు, వెనక లావోన్, ఒళ్లో కాగితం. కమిటీ గది ఆమె అనుకున్నంత పెద్దది కాదు, బడిలో గదిలా ఉంది. సరిహద్దు ఊరి వ్యాపారి ఒకాయన లేచి, పొద్దున తన కొట్టు మూసి ఉంటే జనం నది దాటి పక్క రాష్ట్రానికి పోయి కొనుక్కుంటున్నారని చెప్పాడు. తర్వాత లావోన్ పేరు పిలిచారు. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. "ఆదివారం పొద్దున మా కుటుంబమంతా నెమ్మదిగా లేచి, కలిసి టిఫిన్ చేసి..." నెమ్మదిగా లేచి అన్న చోట నాలుక తడబడింది. తడుముకుని మిగతాదంతా చదివేసింది. కలిసి దేవుడి సన్నిధికి వెళ్లడం, వారం అలసట తీర్చుకోవడం, తల్లి చేతి వంట చుట్టూ అందరూ చేరడం. వెనక వరసలో ఆర్లిన్ తల ఆడించడం ఆమెకి చూడకుండానే తెలిసింది.

కమిటీలో ఒకావిడ ఉంది, రిటైరైన టీచరు కాబోలు, లావోన్ వయసే ఉంటుంది. కాగితం అయిపోయాక ఆవిడ నెమ్మదిగా అడిగింది. "థాంక్సండీ. ఒక్క మాట. కుటుంబం సంగతి చెప్పారు. ఈ చట్టం పోతే మీకు, అంటే మీ ఒక్కరికీ, పోయేదేంటి?"

దానికి కాగితంలో జవాబు లేదు. లావోన్ కాగితం తిప్పి చూసింది. వెనక వైపు ఖాళీగా ఉంది.

"ఇరవై నిమిషాలండి," అంది.

ఆవిడకి అర్థం కాలేదు. అప్పుడు లావోన్ చెప్పింది, లైట్లు వెయ్యని కొట్టు గురించీ, పొద్దుతిరుగుడు గింజల బస్తాల గురించీ. పెద్దగా ఏమీ చెప్పలేదు, నాలుగైదు మాటలు. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. చివర కూర్చున్న ఒక సభ్యుడు, ఎర్రమొహం రైతు, వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, "మీ ఇంట్లో కుర్చీలు లేవామ్మా?" అన్నాడు. గది గొల్లుమంది.

"ఉన్నాయండి, ఆరు. ఆరూ నేనే తుడుస్తాను," అంది లావోన్.

ఆమె హాస్యానికి అనలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది. నవ్వు అక్కడితో ఆగిపోయింది. కమిటీ ఆవిడ ఆమెనే చూస్తూ, "మరి ఈ చట్టం ఉండాలంటారా, పోవాలంటారా?" అని అడిగింది.

"ఉండాలండి. పన్నెండింటి దాకా ఈ తలుపు తీయొద్దని నా తరఫున ఇంకెవరూ చెప్పరు."

తిరిగి వచ్చేటప్పుడు ఆర్లిన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. పాస్టరుగారు ఫోను చూసుకుంటూ కూర్చున్నారు. చర్చి దగ్గర ఆయన దిగి వెళ్లిపోయాక ఆర్లిన్ ఇంజను ఆపకుండానే వెనక్కి తిరిగాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నన్ను ఎలాంటి మొగుణ్ణని అనుకుంటారు అక్కడివాళ్లు?"

"నీ గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు ఆర్లిన్."

"అదే నేననేది," అన్నాడు.

బిల్లు కొద్ది ఓట్ల తేడాతో నెగ్గింది. ఆగస్టు నుంచి ఆదివారం పొద్దున ఎవరైనా ఏ కొట్టయినా తెరుచుకోవచ్చు. ఊళ్లో ఆ సంగతి కంటే బస్తాల సంగతే ఎక్కువ రోజులు నడిచింది. పొద్దున్నే హోటల్లో చేరి కాఫీ తాగే ఆర్లిన్ స్నేహితులు, "ఏం ఆర్లిన్, ఇంట్లో కుర్చీలు తక్కువయ్యాయటగా, మా దగ్గర పాతవి పడున్నాయి, పంపమంటావా?" అని ఆటపట్టించారు. కోడలు టెస్సా ఒక రోజు గిన్నెలు తుడుస్తూ, "అంత అలసటగా ఉంటే మాకు చెప్పొచ్చు కదా అత్తయ్యా, అంతమంది ముందు చెప్పాలా?" అంది. లావోన్ కడిగిన గిన్నె ఇంకోటి ఆమె చేతికి అందించింది. చెప్పడం అంటే ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఈ ఇంట్లో అలసట ఒకరు చెప్తే ఇంకొకరు వినే విషయంగా ఎన్నడూ లేదు.

మాతృదినోత్సవానికి ఆర్లిన్ ఆమెకి వాలుకుర్చీ కొన్నాడు. మీట నొక్కితే వెనక్కి వాలి కాళ్ల కింద పలక లేచేది. పట్టపగలు, వీధంతా చూస్తుండగా లారీలోంచి దింపించి, టీవీకి ఎదురుగా వేయించాడు. "ఇక కూర్చో. ఎంతసేపైనా కూర్చో," అన్నాడు. ఆమె కూర్చుంది. కాళ్లు పైకి పెట్టమని చెప్పి ఫొటో తీసి చర్చివాళ్లందరికీ పంపాడు. కుర్చీ నిజంగానే మెత్తగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. రెండు నిమిషాలైందో లేదో, "లావోన్, ఆ అరలో నా కళ్లజోడుందేమో చూడు," అన్నాడు ఆర్లిన్. ఆమె లేచింది. వెతికి తెచ్చేసరికి అతను ఆ కుర్చీలో ఉన్నాడు, ఎలా ఉందో చూద్దామని. వారం తిరిగేసరికి ఆ కుర్చీలో అతని ఆకారం పడిపోయింది. ఆదివారాలు పిల్లలిద్దరూ దాని చేతుల మీద బిస్కట్లు నలుపుతారు. తుడవాల్సిన కుర్చీలు ఏడయ్యాయి.

లావోన్‌కి కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపం రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. జూన్, జూలై నెలల్లో ఒక్కో ఆదివారం బస్తాల మీద కూర్చున్నప్పుడు, ఇంక ఏడున్నాయి, ఇంక ఆరున్నాయి అని అనుకునేది. హాయి పోయింది. జబ్బుమనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చునేది.

జూలై ఆఖరి వారంలో డ్వేన్ కొత్త షిఫ్టుల కాగితం గోడకి పెట్టాడు. ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు: జొలీన్. లావోన్ ఎప్పటిలా పన్నెండు నుంచి. జొలీన్‌కి ఇద్దరు చంటిపిల్లలు, మొగుడు చమురు బావుల దగ్గర. ఆదివారం పొద్దున పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో తెలియక ఆ పిల్ల గోదాములోకి పోయి ఏడ్చి వచ్చింది. చట్టం తీసేసినవాళ్లకి జొలీన్ పిల్లలు గుర్తురాలేదు, ఉంచాలన్నవాళ్లకి లావోన్ గుర్తురాలేదు.

"ఆ పొద్దుటిది నాకెందుకు వెయ్యలేదు?" అని అడిగింది లావోన్.

డ్వేన్ ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "ఆర్లిన్ ఫోన్ చేశాడు. నీకు చర్చి ఉంటుంది, పొద్దున వద్దన్నాడు. నీకు చెప్పే చేశాడనుకున్నా."

ఆమె గోడ మీది కాగితం ఇంకాసేపు చూసింది. షిఫ్టుల కింద ఇంకో వరస ఉంది. అదేమిటని అడిగింది. నాలుగు గంటల షిఫ్టుకి పావుగంట విరామం, ఎవరు ఎప్పుడు వెళ్తారో పేరుతో సహా రాయాలని యజమాని పెట్టిన రూలట. "ఆ పావుగంట ఎవరూ పిలవకూడదు. నేను కూడా పిలవకూడదు," అన్నాడు డ్వేన్. ఆమె కొట్లో చేరిన ఇరవై రెండేళ్లుగా ఆ రూలు ఉండే ఉంటుంది. ఆమె విరామాలన్నీ ఇంటికి ఫోన్లు చెయ్యడానికీ, చర్చికి కావాల్సిన సరుకుల జాబితాలు రాయడానికీ పోయాయి.

"జొలీన్ పేరు కొట్టేసి నా పేరు రాయి," అంది. "పొద్దుటి షిఫ్టు ఇక నుంచీ నాది. మధ్యాహ్నం జొలీన్ వస్తుంది, అప్పటికి వాళ్లమ్మకి డ్యూటీ అయిపోతుంది, పిల్లల్ని ఆవిడ చూసుకుంటుంది. ఆర్లిన్ మళ్లీ ఫోన్ చేస్తే నన్నడగమని చెప్పు."

ఆగస్టు మొదటి శనివారం సాయంత్రం. ఆర్లిన్ వాలుకుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. గోధుమ కోతలు మొదలయ్యాయి, కిటికీలోంచి దుమ్ము వాసన వస్తోంది. వంటింట్లో దుంపలు సంచిలోనే ఉన్నాయి. చాలాసేపటి వరకూ అతనికి తేడా తెలియలేదు. తర్వాత ఏదో వినపడడం లేదనిపించి కాబోలు, "ఏం చేస్తున్నావు?" అని అడిగాడు.

లావోన్ వచ్చి కుర్చీ చేతి మీద ఒక కార్డు పెట్టింది. పసుపుబారిపోయింది, అంచుల్లో కాఫీ మరకలు. మధ్యాహ్నం చర్చికి వెళ్లి అలమర తలుపు నుంచి చాకుతో జాగ్రత్తగా ఊడదీసి తెచ్చింది.

"ఇదేంటి?"

"కాఫీ వంతుల కార్డు. రేపు మూడో జట్టు. రెండో వరస చదువు."

ఆర్లిన్ కళ్లజోడు సర్దుకున్నాడు. "మిసెస్ ఆర్లిన్ నెస్‌హైమ్."

"అందులో నా పేరు ఎక్కడుంది?"

అతను కార్డు వంకా ఆమె వంకా చూశాడు. "లావోన్, ఏంటీ ఎకసెక్కాలు?"

"ఎకసెక్కం కాదు. అంతా వెతికాను, నా పేరు లేదు. ఉన్నది నీ పేరు. రేపు నాకు ఎనిమిదింటికి షిఫ్టు ఉంది." ఆమె వేళ్లు ముడుస్తూ చెప్పుకుపోయింది. "పెద్ద పాత్రలు రెండున్నాయి. ఒక్కో పాత్రకి ఒక గుడ్డు, కాఫీ పొడిలో కలపాలి, పెంకుతో సహా, అప్పుడే కాఫీ తేటగా దిగుతుంది. నీళ్లు మరిగాక వెయ్యి, పొంగనివ్వకు. మాంసం ఫ్రిజ్‌లో ఉంది. దుంపలు ఒలవలేదు."

"మా అమ్మ బతికుంటే..." అన్నాడు ఆర్లిన్.

"మీ అమ్మ పేరు కూడా లేదు అందులో," అంది లావోన్. "నువ్వు చూడు, ఆ కాగితం ముక్క కింద మీ నాన్న పేరుంటుంది."

అతను గోటితో ఆ ముక్క అంచు కొంచెం లేపి చూశాడు. మళ్లీ అతికించడానికి వేలితో నొక్కాడు, అది అతుక్కోలేదు. ఆమె వెళ్లి పడుకుంది. గెలిచినట్టేమీ అనిపించలేదు ఆమెకి. చాలాసేపు నిద్ర పట్టలేదు. పొద్దున అతనికి చొక్కా ఎవరు ఇస్త్రీ చేస్తారని రెండుసార్లు అనుకుని, రెండుసార్లూ తనని తాను తిట్టుకుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే ట్వేట్ కొట్టు తలుపులు తెరుచుకున్నాయి. లైట్లన్నీ వెలుగుతున్నాయి. కొత్త వేళలకి మొదటి రోజని డ్వేన్ కూడా చేపలు మానుకుని వచ్చాడు. కొత్తగా దొరికిన పొద్దు కదా, జనం బాగానే వచ్చారు. ఆరాధన ఎగ్గొట్టి వచ్చినవాళ్లు ఆమె కళ్లలోకి చూడకుండా మేకులూ తాళ్లూ ఎంచుకున్నారు. ఎవరో ఒకాయన పొద్దుతిరుగుడు గింజలు రెండు బస్తాలు భుజాన వేసుకుపోయాడు.

పదింటికి లావోన్ విరామం గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కిటికీ లేని గది. ఒక బల్ల, గట్టి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి. కుర్చీ మీద నిన్నటి పేపరు ఉంటే తీసి బల్ల మీద పెట్టి కూర్చుంది. ఈ కుర్చీ ఒంటికి సర్దుకోదు, ఒళ్లే దానికి సర్దుకోవాలి. ఇరవై నిమిషాలు పోయి పావుగంట మిగిలింది. విశ్రాంతి కోసం పనికి రావాల్సి వచ్చిన మనిషి సంతోషపడాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. కళ్లు చెమర్చాయి, జేబురుమాలుతో ఒత్తుకుంది. ఎదురుగా గోడ మీద కాగితం ఉంది. లావోన్, పది నుంచి పదింపావు. డ్వేన్ చేతిరాత అంత బాగుండదు, అయినా పేరు స్పష్టంగానే ఉంది.

తలుపవతల ఎవరో ఆమె కోసం అడుగుతున్నారు, పశువులకి పెట్టే ఉప్పు దిమ్మలు ఎక్కడున్నాయో ఆమెకే తెలుసని. "లావోన్ విశ్రాంతి తీసుకుంటోందండి, కాసేపు ఆగండి," అంటున్నాడు డ్వేన్. ఆమె గురించి ఎవరైనా ఆ మాట అనగా ఆమె వినడం అదే మొదటిసారి. వెంటనే లేవబోయింది, అలవాటు. మళ్లీ కూర్చుంది.

జేబులో ఫోను మోగింది. ఆర్లిన్. అతని వెనక చర్చి వంటగదిలో కప్పులు చప్పుడవుతూ ఉంటాయి, ఊరంతా మెట్లు దిగి నిలబడి ఉంటుంది, గుడ్డు పెంకుతో వెయ్యాలా తీసేసి వెయ్యాలా అని అడగబోతాడు కాబోలు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. లావోన్ గోడ గడియారం వైపు చూసింది. ఇంకా ఆరు నిమిషాలుంది.